హెలికాప్టర్ అతుకు ఎక్కడుంది? ఇంగ్లీషులోని వింత గ్రీకు మాటల కథ

హెలికాప్టర్ అనే మాటను రెండు ముక్కలు చేయమంటే ఎవరైనా 'హెలి' ఒకటి, 'కాప్టర్' ఒకటి అంటారు. ఇంగ్లీషువాళ్లూ అలాగే విరిచారు. ఆ విరుపులోంచే హెలిప్యాడ్ పుట్టింది, హెలిపోర్ట్ పుట్టింది, నాలుగు ఫ్యాన్లతో ఎగిరే డ్రోన్‌కి క్వాడ్‌కాప్టర్ అన్న పేరూ పుట్టింది. అసలు అతుకు మాత్రం అక్కడ లేదు. గ్రీకులో 'హెలిక్స్' అంటే మెలి తిరిగినది, 'ప్తెరొన్' అంటే రెక్క. 1861లో గుస్తావ్ ద పోంతో దామెకూర్ అనే ఫ్రెంచాయన ఈ రెండింటినీ కలిపి పేరు కట్టాడు. 'హెలికో' దగ్గర ఆగి 'ప్టర్' అనాలి. తెలుగులో చెప్పుకుంటే మెలిరెక్క.

అదే రెక్క టెరొడాక్టిల్‌లోనూ ఉంది. రాకాసిబల్లుల కాలంలో ఎగిరిన ఆ జీవి పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు మొదట పలకని 'పి' ఒకటి పెట్టాలి. హెలికాప్టర్ మధ్యలో పలికే పి, ఇక్కడ మూగబోయిన పి, రెండూ ఒకటే. 'దాక్తులొస్' అంటే వేలు. బారుగా సాగిన ఒకే ఒక్క వేలిని ఆసరా చేసుకుని దాని రెక్క పరుచుకుని ఉండేది, అందుకని రెక్కవేలు అన్నారు.

ఇలాంటి మాటలన్నీ జాబితా వేసి, పక్కన తలా ఒక అర్థం రాసి, బట్టీ పట్టించే పద్ధతి ఒకటుంది. పోటీ పరీక్షలకు చదివినవాళ్లకు ఆ టెన్షన్ బాగా తెలుసు. నాకు ఆ పద్ధతి మీద పెద్దగా నమ్మకం లేదు. వారం తిరిగేసరికి సగం మరిచిపోతాం, మిగతా సగం ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పైగా తెలుగు చదువుకున్నవాళ్లకు అంతకంటే దగ్గరి దారి ఉంది. తెలుగులో సంస్కృతం ఏ పని చేస్తుందో ఇంగ్లీషులో గ్రీకు ఇంచుమించు అదే పని చేస్తుంది. కొత్త వస్తువుకో కొత్త రోగానికో పేరు కావాలంటే మనం సంస్కృతం పెట్టె తెరుస్తాం, వాళ్లు గ్రీకు పెట్టె తెరుస్తారు. ఆక్సిజన్‌కు మనం పెట్టుకున్న 'ఆమ్లజని' అనే మాట కాళిదాసు ఎన్నడూ వినలేదు. 'టెలిఫోన్' అనే మాట ప్లేటో ఎన్నడూ వినలేదు. ఇంగ్లీషులో గ్రీకు మాటలుగా చెలామణీ అయ్యేవాటిలో చాలావాటికి గ్రీసుతో ఉన్న సంబంధం ఇంతే. కాబట్టి ఒక మాట ఎదురైనప్పుడు దాని అర్థం ఏమిటని అడగడానికి ముందు, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు కట్టారని అడగడం మేలు.

భిక్ష, బిచ్చం

సంస్కృతం మాట తెలుగులోకి రెండు దారుల్లో వస్తుందని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. భిక్ష భిక్షగానే వస్తే తత్సమం, నలిగి బిచ్చం అయితే తద్భవం. ఇంగ్లీషుకూ ఇదే వ్యవహారం. అచ్చం ఇదే మాటతో ఉదాహరణ దొరకడం నాకు భలే సరదాగా అనిపిస్తుంది. గ్రీకులో 'ఎలెయెమొసునే' అంటే జాలి. క్రైస్తవంతో పాటు లాటిన్‌లోకి, అక్కడి నుంచి పాత ఇంగ్లీషులోకి జనం నోళ్లలో దొర్లుకుంటూ వచ్చి, చివరికి ఒక్క అక్షరం పలుకుగా మిగిలింది. అదే 'ఆమ్స్', అంటే బిచ్చం. తర్వాత ఎప్పుడో పండితులు అదే మాటను పుస్తకంలోంచి నలగకుండా ఎత్తుకొచ్చి 'ఎలిమోసినరీ' అనే విశేషణం చేశారు. ధర్మసంస్థల గురించి మాట్లాడే న్యాయగ్రంథాల్లో తప్ప అది పెద్దగా కనిపించదు. ఒకే తల్లి బిడ్డలు. ఒకరు వీధిలో పెరిగారు, ఒకరు గ్రంథాలయంలో పెరిగారు.

పక్షవాతానికి 'పెరాలిసిస్' తత్సమం, 'పాల్సీ' తద్భవం. 'సర్జన్' కూడా బాగా అరిగిన మాటే. గ్రీకులో 'ఖెయిర్' అంటే చెయ్యి, 'ఎర్గొన్' అంటే పని. 'ఖెయిరూర్గొస్' అంటే చేతిపనివాడు. ఫ్రెంచి వాళ్ల నోట్లో పడి, అక్కడి నుంచి ఇంగ్లీషుకు వచ్చేసరికి గుర్తుపట్టలేనంతగా మారిపోయింది.

అన్నిటికన్నా విచిత్రం 'గ్లామర్'. ఈ సినిమా మాట నిజానికి 'గ్రామర్'కు తద్భవం. గ్రీకులో 'గ్రమ్మ' అంటే అక్షరం. చదువు కొద్దిమందికే దక్కిన రోజుల్లో, చదువుకున్నవాడికి మంత్రాలు కూడా వచ్చని జనం అనుకునేవారు. స్కాట్లండ్‌లో గ్రామర్ అన్న మాట గ్లామర్‌గా మారి, కనికట్టు అనే అర్థంలో వాడుకలోకి వచ్చింది. స్కాట్లండ్ కవి, నవలాకారుడు వాల్టర్ స్కాట్ రచనల వల్ల ఇంగ్లీషు పాఠకులందరికీ తెలిసింది. కళ్లకు గంతలు కట్టే మాయ కాస్తా తర్వాత కళ్లు తిప్పుకోనివ్వని అందమైంది. వ్యాకరణం పేరు చెబితేనే పారిపోయే పిల్లలకు ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

మనకు ముందే తెలిసిన ముక్కలు

గ్రీకు, సంస్కృతం ఒకే పూర్వభాష నుంచి చీలిన శాఖలు. అందువల్ల ఇంగ్లీషువాళ్లు కష్టపడి నేర్చుకునే ముక్కలు కొన్ని మన ఇంట్లో ముందే ఉన్నాయి. లేదు, కాదు అని చెప్పడానికి గ్రీకులో హల్లుకు ముందు 'అ', అచ్చుకు ముందు 'అన్' వస్తాయి. అధర్మం, అనంతం అన్నప్పుడు మనం పాటించే సూత్రమే ఇది, చుక్క కూడా తేడా లేదు. 'అనానిమస్' అంటే అనామకం. పోలిక అర్థంలోనే కాదు, లోపల ఉన్న పేరు అనే మాట కూడా రెండింటిలో ఒకటే. గ్రీకు 'ఒనొమ', సంస్కృతం 'నామ'. గ్రీకు దేవతలు తినే 'ఆంబ్రోజియా'లో 'అ' తీసేస్తే మిగిలేది చావుకు సంబంధించిన ముక్క. చావు లేకుండా చేసేది కాబట్టి ఆ పేరు. అంటే మన అమృతం, అదే నిర్మాణంతో.

'హైడ్రోజన్'ను తెలుగులోకి తెచ్చినవాళ్లు 'ఉదజని' అన్నారు. అర్థాన్ని బట్టి చేసిన అనువాదమే, కానీ తెలిసో తెలియకో కవలల్ని కలిపారు. నీటికి గ్రీకులో 'హుదోర్', సంస్కృతంలో 'ఉద'. పుట్టించడానికి అక్కడ 'గెన్', ఇక్కడ 'జన్'. రెండు ముక్కలూ చుట్టాలే.

మాట మొదట్లో అచ్చుకు ముందున్న 'స'ను గ్రీకువాళ్లు 'హ' చేశారని ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మరికొన్ని తలుపులు తెరుచుకుంటాయి. సప్త అక్కడ 'హెప్త'. పారశీకంలోనూ ఇలాంటి మార్పే జరిగింది కనుక వారానికి హఫ్తా అనే పేరు వచ్చింది. స్వప్నం అక్కడ 'హుప్నొస్', అంటే నిద్ర. హిప్నాటిజం దానిలోంచి తీసిందే. హెలికాప్టర్ రెక్క 'ప్తెరొన్' కూడా పరాయిది కాదు. ఎగరడం అనే అర్థమున్న 'పత్' ధాతువు నుంచి వచ్చిన పత్రం, పతంగం దానికి దగ్గరి బంధువులు. సంస్కృతంలో పత్రానికి రెక్క అనే అర్థం కూడా ఉంది.

'హెకటోంబ్' అనే అరుదైన మాట ఒకటుంది. పెద్ద ఎత్తున జరిగిన ఊచకోతకు వాడతారు. 'హెకతొన్' అంటే నూరు, 'బూస్' అంటే ఎద్దు. ఒకప్పుడు దేవుడికి నూరు ఎద్దుల బలి. హెకతొన్‌లో మన శతం ఉంది, బూస్ మన గోవుకు బంధువు. కుక్కకు గ్రీకులో 'కువోన్', మన శ్వానం. లోకం మీద నమ్మకం లేనివాణ్ని 'సినిక్' అనడం అక్కడి నుంచి వచ్చింది. సిగ్గూ ఎగ్గూ లేకుండా వీధుల్లో బతికిన డయోజనీస్ లాంటి తత్త్వవేత్తల్ని కుక్కతో పోల్చారు. ఆయన దాన్ని తిట్టుగా కూడా తీసుకోలేదంటారు. పత్రికల్లో తరచూ కనిపించే 'సైనొషూర్' అనే మాటలోనూ ఆ కుక్కే ఉంది. అక్షరాలా కుక్కతోక. ధ్రువనక్షత్రం ఉండే చిన్న నక్షత్రమండలాన్ని గ్రీకులు ఆ పేరుతో పిలిచారు. సముద్రం మీద దారి కోసం నావికులందరి చూపూ దాని మీదే ఉండేది కనుక, అందరి కళ్లూ ఆకర్షించే మనిషికి ఆ పేరు దక్కింది. పెళ్లికూతుర్ని సైనొషూర్ అని పొగిడే ముందు ఇది గుర్తుకు రాకపోతేనే మంచిది.

ఒక హెచ్చరిక. పోలిక కనిపించినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు. గ్రీకు 'థెయొస్', సంస్కృత 'దేవ' రెండూ దేవుణ్నే చెబుతాయి, ధ్వనిలోనూ దగ్గరగా ఉన్నాయి. అయినా వాటికి సంబంధం లేదు. దేవుడికి అసలు బంధువు లాటిన్‌లోని 'దెయుస్'. గ్రీకులో కావాలంటే జ్యూస్‌ను చూడాలి, గ్రీకు దేవతల రాజైన ఆయన మన వేదాల్లోని ఆకాశదేవుడు ద్యౌః. శబ్దాలు ఒక క్రమంలో మారతాయి. ఆ క్రమానికి లొంగనిది ఎంత ఊరించినా వదిలేయాలి.

ఆ పి ఎందుకు పలకదు?

సైకాలజీ స్పెల్లింగులో పి ఎందుకుందని అడిగితే, అది అంతే, గుర్తుపెట్టుకో అని చెప్పేవారు. కారణం పెద్ద కష్టమైనదేం కాదు. గ్రీకువాళ్లు మాటను 'ప్స', 'ప్త', 'ప్న', 'మ్న' వంటి జంటలతో మొదలుపెట్టగలరు. ఇంగ్లీషు నోటికి మాట మొదట్లో ఆ జంటలు తిరగవు. కాబట్టి రాతలో ఉంచి పలుకులో వదిలేశారు. మాట మధ్యలోకి వస్తే మాత్రం ముందున్న అచ్చును ఆసరా చేసుకుని ఆ హల్లు మళ్లీ లేచి నిలబడుతుంది. జ్ఞాపకానికి సాయపడే చిట్కాను 'నిమోనిక్' అంటారు, అక్కడ మొదటి 'ఎమ్' మూగది. మతిమరుపుకు 'ఆమ్నీషియా', అక్కడ మకారం చక్కగా వినిపిస్తుంది. న్యుమోనియాలో పలకని పి, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ అప్నియాలో పలుకుతుంది.

'నోసిస్' అంటే జ్ఞానం. రాతలో ముందు 'జి' ఉంటుంది, పలకదు. 'డయాగ్నసిస్'లో అదే జి పలుకుతుంది. 1869లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త టి.హెచ్. హక్స్‌లీ 'ఆగ్నాస్టిక్' (దేవుడు ఉన్నాడో లేడో తెలియదనేవాడు) అనే మాటను కట్టినప్పుడు 'అ' చేర్చగానే ఆ గకారానికి మళ్లీ ప్రాణం వచ్చింది. అయినా ఇంగ్లీషువాళ్లను చూసి మనం నవ్వనక్కర్లేదు. జ్ఞానం అని రాసి గ్యానం అనో గ్నానం అనో పలికేవాళ్లం మనం. ఆ మాటకు పుట్టినప్పటి నుంచీ ఈ తిప్పలు ఉన్నట్టున్నాయి.

'ఎఫ్' ఉండగా 'పి హెచ్' దేనికన్నది రెండో ప్రశ్న. దీనికి జవాబు ఇంగ్లీషువాళ్లకంటే మనకు తేలిగ్గా అర్థమవుతుంది. ప్లేటో కాలంలో ఫిలాసఫీలోని ఆ అక్షరం ఎఫ్ కాదు. ఫలం అన్నప్పుడు శాస్త్రిగారు ఒత్తి పలికే మహాప్రాణం 'ఫ'. లాటిన్‌లో మహాప్రాణాలు లేవు కనుక రోమన్లు పకారం పక్కన హకారం పెట్టి రాశారు. ఖకారాన్ని 'సి హెచ్' అని, థకారాన్ని 'టి హెచ్' అని రాసింది కూడా అందుకే. కోరస్, క్యారెక్టర్ స్పెల్లింగుల్లో ఆ హెచ్ అప్పటి ఒత్తుకు గుర్తు. తర్వాతి శతాబ్దాల్లో గ్రీకువాళ్ల నోళ్లలోనే ఫ కాస్తా ఎఫ్ అయింది. ఇప్పుడు మన చుట్టూ విన్నా అదే వినిపిస్తుంది. ఫలితాలు అనే మాటను పెదవులు కలిపి పలికేవాళ్లు తగ్గిపోయారు, పై పళ్లు కింది పెదవికి తాకించి ఎఫ్‌తో పలికేవాళ్లు పెరిగారు.

ఏథెన్స్ వీధుల్లో అరిగినవి

లాబొరేటరీలో కట్టిన మాటలు ముక్కలు విప్పితే అర్థమైపోతాయి. జనం వాడిన మాటలు అలా కావు. వాటిని విప్పితే బయటపడేది అర్థం కాదు, ఒక కథ.

'ఆస్ట్రసైజ్' అంటే వెలివేయడం. విప్పితే 'ఒస్త్రకొన్', అంటే కుండపెంకు. వెలికీ పెంకుకూ ఏమిటి సంబంధం? ఏథెన్స్ పౌరులు ఏడాదికి ఒకసారి, ఈ ఏడు ఎవరినైనా పంపించేద్దామా అని తమలో తాము అడిగేవారు. సరేనంటే మరో రోజు అందరూ చేరి, తమకు గిట్టని నాయకుడి పేరు పెంకు మీద గీకి వేసేవారు. కాగితం లేని రోజుల్లో ఊరికే దొరికే చిత్తుకాగితం పగిలిన కుండే కదా. లెక్క 6000కు చేరితే, పేరు ఎక్కువసార్లు వచ్చినవాడు 10 రోజుల్లో నగరం వదిలి 10 ఏళ్లు దూరంగా ఉండాలి. నేరం మోపరు, వాదన వినరు. అలాగని ఆస్తీ లాక్కోరు. పదేళ్లయ్యాక తిరిగొచ్చి మునుపటి పౌరుడిగానే బతకొచ్చు. మొదటిసారి ఈ పద్ధతిని క్రీ.పూ. 487లో వాడారు. ఒక మనిషి మరీ పెద్దవాడైపోకుండా చూసుకునే ఏర్పాటు ఇది. ఇప్పుడు ఆస్ట్రసైజ్ అంటే పలకరించడం మానేసి, విందుకు పిలవకుండా ఒకరిని ఒంటరిని చేయడం. ఆ ఏకాకితనానికీ ఆ ఓటుకూ పోలిక తక్కువే.

న్యాయవంతుడని పేరుపడ్డ అరిస్టైడీస్ అనే ఏథెన్స్ నాయకుడి కథను గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లుటార్క్ రాశాడు. ఓటింగు రోజున చదువురాని పల్లెటూరివాడొకడు ఆయన్నే ఆపి, ఎవరో తెలియక, పెంకు చేతికిచ్చి అరిస్టైడీస్ పేరు రాసిపెట్టమన్నాడట. ఆయన నీకేం చేశాడయ్యా అని అడిగితే, ఏమీ చేయలేదు, అసలు ఆయనెవరో కూడా తెలియదు, ఎక్కడ విన్నా న్యాయవంతుడు న్యాయవంతుడు అంటుంటే వినలేక చస్తున్నానన్నాడట. ఆయన మారుమాటాడకుండా తన పేరే రాసిచ్చాడు. కథలో కల్పన ఎంతుందో గానీ పెంకులు మాత్రం నిజం. గత శతాబ్దంలో ఏథెన్స్‌లోని అక్రోపొలిస్ కొండ ఉత్తరపు వాలులోని ఒక పాత బావిలో థెమిస్టొక్లీస్ అనే నాయకుడి పేరున్న పెంకులు 190 దొరికాయి. చేతిరాతలు పరిశీలిస్తే అవన్నీ 14 మంది మాత్రమే రాసినట్టు తేలింది. ఎవరో ముందే రాయించి పంచడానికి సిద్ధం చేసుకున్నారన్న మాట. ఎన్నికల్లో కరపత్రాలు పంచేవాళ్లకు పాతిక శతాబ్దాల నాటి పూర్వీకులు.

అదే నగరంలో పుట్టిన ఇంకో మాట 'సికొఫంట్'. ఇంగ్లీషులో భజనపరుడు, కాకాపట్టేవాడు అని అర్థం. గ్రీకు ముక్కలు చూస్తే 'సూకొన్' అంటే అంజూరపండు, 'ఫైనెయిన్' అంటే చూపించడం. అంజూరాలు చూపించేవాడు! ఎగుమతి మీద నిషేధం ఉన్నప్పుడు దొంగచాటుగా అంజూరాలు తరలించేవాళ్లను పట్టించేవాడని ప్లుటార్క్ ఒక కథ చెప్పాడు. ముక్కలకు సరిపోయేలా తర్వాత అల్లిన కథలా ఉంది గానీ, నాకు అంత నమ్మబుద్ధి కాదు. ఖాయంగా తెలిసింది వేరే. ఏథెన్స్‌లో ప్రభుత్వం తరఫు న్యాయవాది ఉండడు. ఏ పౌరుడైనా ఇంకొకరి మీద కేసు వేయొచ్చు, కొన్ని రకాల కేసుల్లో గెలిస్తే జరిమానాలో వాటా కూడా దక్కుతుంది. దాంతో కేసులు వేయడమే వృత్తిగా, వేస్తానని బెదిరించి డబ్బు గుంజడమే బతుకుతెరువుగా పెట్టుకున్నవాళ్లు తయారయ్యారు. సికొఫంట్లు వాళ్లే. ఇంగ్లీషులోకి వచ్చాక కొన్నాళ్లు చాడీకోరు అనే అర్థంలోనే నడిచింది. చాడీలు చెప్పేవాడు చెప్పించుకునేవాడి ప్రాపకం కోసమే చెబుతాడు గనక, మెల్లగా ఆ ప్రాపకం కోసం పొగిడేవాడయ్యాడు. గ్రీసులో మాత్రం ఈ రోజుకీ ఆ మాటకు లేనిపోని నిందలు వేసేవాడనే అర్థం. ఒకే మాటను అక్కడ తిడతాడని, ఇక్కడ పొగుడుతాడని వాడుతున్నారు.

'ఇడియట్' గురించి సోషల్ మీడియాలో ఒక కథ బాగా తిరుగుతుంది. రాజకీయాలు పట్టించుకోనివాణ్ని గ్రీకులు ఇడియట్ అని తిట్టేవారని. ఎన్నికలప్పుడైతే మరీ ఎక్కువగా తిరుగుతుంది. వినడానికి బాగుంది గానీ నిజం అంత పదునుగా లేదు. 'ఇదియొస్' అంటే సొంత. 'ఇదియోతేస్' అంటే ఏ పదవీ లేని మామూలు మనిషి. ఒక విద్యలో ఆరితేరినవాడి పక్కన నిలబెడితే, ఆ విద్య తెలియనివాడు. తెలియనివాడు లాటిన్‌లో అజ్ఞాని అయ్యాడు, ఇంగ్లీషుకు వచ్చేసరికి బుద్ధిహీనుడయ్యాడు. మొదట్లో అది తిట్టు కాదు.

కడుపులో గుడగుడకు కూడా

ఆ ఇదియొస్ ఆసుపత్రి కాగితాల మీద కూడా కనిపిస్తుంది. డాక్టర్ 'ఇడియోపతిక్' అని రాస్తే ఏదో భయంకరమైన జబ్బని కంగారుపడతాం. 'పథొస్' అంటే బాధ, జబ్బు. దానంతట అదే వచ్చిన జబ్బు అని అక్షరార్థం. ఎందుకొచ్చిందో మాకు తెలియదు అన్న ముక్కను గౌరవంగా చెప్పే పద్ధతి. దీనికి తోడుగా 'అయాట్రోజెనిక్' అని ఇంకోటుంది. 'ఇయాత్రొస్' అంటే వైద్యుడు. వైద్యం వల్లే పుట్టిన జబ్బు అని అర్థం. పీడియాట్రిక్స్, సైకియాట్రీల చివర కూర్చున్నది ఈ వైద్యుడే.

వైద్యులు దేనికైనా గ్రీకు పేరు పెట్టగలరు. ఆకలేసినప్పుడు కడుపు గుడగుడలాడితే దానికి 'బోర్బరిగ్మస్' అని పేరు. గ్రీకువాళ్లు ఆ చప్పుడు విని 'బొర్బొర్' అన్నారు, మనం 'గుడగుడ' అన్నాం, అంతే తేడా. చల్లటి ఐస్‌క్రీమ్ గబగబా తింటే నుదురు పట్టేసినట్టయ్యే నొప్పికి 'స్ఫీనోపాలటైన్ గ్యాంగ్లియోన్యూరాల్జియా' అంటారు. పేరు పలికేలోపు నొప్పి తగ్గిపోతుంది. చివర ఉన్న 'ఆల్జియా' అంటే నొప్పి.

ఆ నొప్పే 'నోస్టాల్జియా'లోనూ ఉంది. ఇప్పుడది పాత పాటలు వింటే కలిగే తీపి బాధ. పుట్టినప్పుడు మాత్రం అది జబ్బు. 1688లో బాసెల్ విశ్వవిద్యాలయంలో యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి, ఇల్లు వదిలి దూరదేశాల్లో ఉన్నవాళ్లు బెంగతో చిక్కిపోవడం చూసి, దాని మీద పరిశోధనవ్యాసం రాశాడు. 'నొస్తొస్' అంటే ఇంటికి తిరిగి రావడం. ఇంటిబెంగ అని సొంత భాషలో పేరున్నా అది వైద్యగ్రంథంలో చెల్లదనుకుని గ్రీకులో కట్టాడు. అప్పటి బెంగ ఒక ఊరి మీద, ఇప్పటి బెంగ గడిచిన కాలం మీద. రైలెక్కితే ఆ జబ్బు నయమయ్యేది, ఈ జబ్బుకు ఆ వీలు లేదు.

పేరులో ఇరుక్కున్న పొరపాట్లు

శాస్త్రవేత్త పేరు కట్టినప్పుడు తన సిద్ధాంతాన్ని కూడా అందులో కలిపి కడతాడు. సిద్ధాంతం తప్పని తేలినా పేరు పోదు. ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త లవోజియే 'ఆక్సిజన్' అని పేరు పెట్టినప్పుడు ఆమ్లాలన్నిటికీ మూలం ఆ వాయువే అనుకున్నాడు. 'ఒక్సుస్' అంటే పదునైనది, పుల్లనిది. ఆమ్లాన్ని పుట్టించేది అని పేరు. 1810లో ఇంగ్లీషు రసాయనశాస్త్రవేత్త హంఫ్రీ డేవీ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తేల్చాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆ పేరునే నమ్మకంగా అనువదించుకుని మనం 'ఆమ్లజని' అన్నాం. లవోజియే పొరపాటు గ్రీకులోంచి తెలుగుదాకా వచ్చి పాఠ్యపుస్తకంలో స్థిరపడింది. ఈ విషయంలో ప్రాణవాయువు అన్నవాళ్లు తెలివైనవాళ్లు.

అదే ఒక్సుస్ 'ఆక్సిమోరాన్'లో ఉంది. 'మోరొస్' అంటే మొద్దు. పదునైన మొద్దు! ఒకదానికొకటి పొసగని మాటల జంటను ఆ పేరుతో పిలుస్తారు, ఆ పేరే అలాంటి జంట. హీలియంకు సూర్యుడి పేరు పెడుతూ, అది లోహమని భావించి లోహాలకు పెట్టే 'ఇయం' తోక తగిలించారు. దాని తోబుట్టువులైన మిగతా వాయువులకు 'ఆన్' అనే తోక సరిగ్గా కుదిరింది, పేర్లు కూడా ముద్దుగా ఉంటాయి. నియాన్ అంటే కొత్తది, మన నవ. క్రిప్టాన్ దాగినది, జెనాన్ పరాయిది. ఆర్గాన్‌ను విప్పితే అ, ఎర్గొన్. పనీపాటా లేనిది. దేనితోనూ కలవదు గనక ఆ సోమరి పేరు.

కట్టిన పేర్లలో నాకు బాగా నచ్చింది 'పెట్రికోర్'. ఎండిన నేల మీద తొలి చినుకులు పడగానే లేచే మట్టివాసన. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 'నేచర్' పత్రికలో రాసిన వ్యాసంలో ఈ మాట కట్టారు. 'పెత్రా' అంటే రాయి. 'ఇఖోర్' అంటే గ్రీకు పురాణాల్లో దేవతల నరాల్లో రక్తానికి బదులు ప్రవహించే ద్రవం. ఎండిన రాళ్లూ మట్టీ పీల్చి దాచుకున్న ఒక నూనె నుంచి ఆ వాసన వస్తుందని వాళ్లు చెప్పదలుచుకున్నారు. రసాయనశాస్త్రం వాళ్లలో ఇంత కవిత్వం ఉంటుందని ఎవరనుకుంటారు?

'కాకిస్టోక్రసీ' అనే మాట ఈ మధ్య వార్తల్లో బాగా కనిపిస్తోంది. దానికీ కాకులకూ సంబంధం లేదు. 'కాకిస్తొస్' అంటే అందరికంటే చెడ్డవాడు. చెడ్డవాళ్లలోకెల్లా చెడ్డవాళ్లు ఏలే రాజ్యం. కొత్తగా కట్టిందేమీ కాదు, 17వ శతాబ్దం నుంచే ఇంగ్లీషులో ఉంది. అవసరం వచ్చినప్పుడల్లా దుమ్ము దులిపి బయటకు తీస్తున్నారు. 'కాలిపిజియన్' అంటే అందమైన పిరుదులు కలిగినదని అర్థం. మన ప్రబంధకవులు ఒక్క 'నితంబిని'తో సరిపెట్టారు.

గ్రీకు వేషం వేసినవి

ఇంగ్లీషు నిఘంటువుల్లో అతి పొడవైన మాటల్లో ఒకటిగా పేరున్న 45 అక్షరాల జబ్బు పేరు 'న్యుమోనో' అని మొదలై 'కోనియోసిస్' అని ముగుస్తుంది. మధ్యలో అల్ట్రామైక్రోస్కోపిక్, సిలికో, వోల్కానో. అగ్నిపర్వతాల సన్నటి ధూళి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బట. డాక్టర్లు పెట్టిన పేరు కాదు. అమెరికాలో పజిళ్లు తయారుచేసేవాళ్ల సంఘానికి అధ్యక్షుడైన ఎవరెట్ స్మిత్ 1935లో పొడవు కోసమే అల్లాడు. అందులో సగం లాటిన్. ఆ జబ్బుకు సిలికోసిస్ అనే చిన్న పేరు అప్పటికే ఉంది.

అది తెలిసి చేసిన తమాషా. 'సిలబస్' తెలియక జరిగింది. పుస్తకపు చుట్టకు తగిలించే పేరు చీటీని గ్రీకులో 'సిత్తుబా' అనేవారు. రోమన్ వక్త సిసిరో తన మిత్రుడు అటికస్‌కు రాసిన లేఖల్లో ఆ మాట వాడాడు. 15వ శతాబ్దంలో ఆ లేఖలు అచ్చువేసినప్పుడు అక్షరాలు తారుమారై 'సిల్లబొస్' అని పడింది. అలాంటి మాట గ్రీకులో లేదు. పండితులు దాన్ని నిజమని నమ్మి, ఏవో క్రియల నుంచి వచ్చిందని వ్యుత్పత్తి కూడా చెప్పి, వాడుకలో పెట్టేశారు. 'స్కూల్'కు మూలమైన 'స్ఖొలే' అంటే తీరిక. తీరిక అనే పేరున్న చోట, అచ్చుతప్పు పేరున్న జాబితా పూర్తి చేయలేక పిల్లలు నలిగిపోతున్నారు.

చివరగా ఒక పక్షి. స్కాట్లండ్ కొండల మీద, కాళ్ల వేళ్లదాకా ఈకలు కప్పుకుని, చలికాలం వచ్చేసరికి మంచులో కలిసిపోయేంత తెల్లబడే పక్షి. గేలిక్ భాషలో దాని పేరు 'టార్మఖన్'. పక్షికి రెక్కలుంటాయి కదా, రెక్కకు గ్రీకులో 'ప్తెరొన్' కదా, కాబట్టి ఇందులోనూ ఒక పి దాగి ఉండాలని ఎవరో చదువుకున్నాయన అనుకున్నాడు. ఇంగ్లీషులో 'టార్మిగన్' అని రాసేటప్పుడు ముందు పి చేర్చాడు. గేలిక్‌లో ఆ పి ఎప్పుడూ లేదు, ఇంగ్లీషులో ఎవరూ పలకరు, గ్రీకుకూ ఆ పక్షి పేరుకూ ఏ సంబంధమూ లేదు. స్పెల్లింగులో మాత్రం ఇప్పటికీ ఉంది.